ఓడ భోజనశాలలో నల్లగొండ వార్డెన్

మొదటి రోజు: సింగపూర్‌లో ఓడ ఎక్కడం

నల్లగొండ జిల్లాలో నీళ్ళ మీద ప్రయాణమంటే నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసి రావడమే. ఆ లాంచీలో భోజనం ఎట్లా ఉంటుందని ఎవరూ అడగరు. ఇంటి నుంచి కట్టుకుపోయిన పులిహోరతో, పెరుగన్నంతో పని జరిగిపోతుంది. సింగపూర్‌లో బయలుదేరి మలేసియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూపించి నాలుగు రాత్రుల తర్వాత మళ్ళీ సింగపూర్‌లోనే దించే పెద్ద ఓడకు టికెట్లు తీసుకున్ననాటి నుంచి మాత్రం మా ఇంట్లో మాటలన్నీ భోజనం చుట్టూనే తిరిగాయి. గది అద్దె, మూడు పూటల తిండి టికెట్ ధరలోనే కలిసి ఉంటాయని ఏజెంటు చెప్పినప్పుడు, "ఏం పెడతరో సూడకుండనే పైసలు కట్టినమా తమ్మీ?" అని మా అక్క అడిగింది. అడగవలసిన ప్రశ్నే అది.

మేము వెళ్ళింది నలుగురం. మా అక్క గుడ్డు కూడా ముట్టని శాకాహారి. మా బావ మిర్యాలగూడలో రైసు మిల్లు నడిపి, ఇప్పుడు కొడుకుకు అప్పగించిన మనిషి. అన్నం మెతుకును వేళ్ళ మధ్య నలిపి చూడకుండా నోట్లో పెట్టుకోడు. నా భార్య శనివారం ఒక్కటీ తప్ప మిగిలిన రోజుల్లో అన్నీ తింటుంది. నేను ఉద్యోగకాలమంతా జిల్లాలోని సంక్షేమ హాస్టళ్ళలో వార్డెన్‌గా పనిచేసినవాణ్ణి. వందలమందికి ఒకే పొయ్యి మీద వండించి, ఒకే గంటలో వడ్డించి, మిగిలినదానికీ చాలనిదానికీ జవాబు చెప్పుకున్నవాణ్ణి. కాబట్టి వేలమందికి వండే ఓడను చూడాలన్న కుతూహలం నాకు సముద్రం కంటే ఎక్కువగానే ఉండింది.

ఓడ నియమాలలో కరెంటు కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె లాంటి వేడెక్కే వస్తువులేవీ తేవద్దని రాసి ఉన్నది. అగ్నిప్రమాద భయం వల్ల పెట్టిన నియమం ఇది. సామాను ఎక్స్‌రే యంత్రంలో పోయేటప్పుడు అవి దొరికితే తీసి పెట్టుకుని, దిగే రోజున తిరిగి ఇస్తారు. ఇంట్లో వండిన పదార్థాలకు కూడా అనుమతి లేదు. కంపెనీ సీలు వేసిన పొట్లాలకు మాత్రం అడ్డు లేదు. అందువల్ల అక్క చేసిన మామిడికాయ తొక్కు ఇంట్లోనే ఉండిపోయింది, దుకాణంలో కొన్న పచ్చడి పొట్లాలు, కారప్పొడి మాత్రం పెట్టెలోకి ఎక్కాయి.

శంషాబాద్‌లో రాత్రి విమానం ఎక్కితే పొద్దున సింగపూర్‌లో దిగాము. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది కాబట్టి ఆకలి వేళలు ఆ రోజంతా తారుమారుగానే ఉన్నాయి. 2012లో తెరిచిన మెరీనా బే క్రూజ్ సెంటర్ నుంచి మధ్యాహ్నానికి ఓడలోకి చేరుకున్నాము. గదులు ఇంకా సిద్ధం కాలేదనీ, పై డెక్కులో ఉన్న బఫేకు వెళ్ళి తినవచ్చనీ చెప్పారు. ఓడ ఎక్కినవాళ్ళందరికీ అదే మాట చెప్పినందువల్ల అక్కడ నిలబడడానికి చోటు లేదు. ఒకే సమయంలో అందరూ వచ్చే మొదటి మధ్యాహ్నం బఫేను చూసి ఓడ భోజనాన్ని అంచనా వేయడం సరి కాదు. హాస్టల్ తెరిచిన మొదటి రోజు వంటను చూసి వార్డెన్‌ను అంచనా వేసినట్టే అవుతుంది.

బఫే గుమ్మం దగ్గర చేతులు కడుక్కునే కుళాయిల వరుస ఉన్నది. పక్కన ఒక అమ్మాయి నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరినీ నవ్వుతూనే అటు మళ్ళిస్తున్నది. ఓడల్లో వాంతులూ విరేచనాలూ వ్యాపింపజేసే నోరోవైరస్‌కు చేతికి రాసుకునే శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బూ నీళ్ళే కావాలి. ఆ అమ్మాయిని తప్పించుకుని పోయేవాళ్ళలో మనవాళ్ళు, తెల్లవాళ్ళు అన్న తేడా కనిపించలేదు.

బఫేలో భారతీయ వంటకాలకు ప్రత్యేకంగా ఒక వరుస ఉన్నది. సింగపూర్ నుంచి బయలుదేరే ఓడల్లో మన దేశపు ప్రయాణికులు ఎక్కువ కాబట్టి ఈ ఏర్పాటు. పప్పు, పనీర్ కూర, ఆలుగడ్డ కూర, జీలకర్ర అన్నం, నాన్, ఒక కోడికూర పెట్టారు. పప్పు బాగుంది. నాన్ తోలులాగా సాగింది. బావ అన్నం మెతుకు నలిపి, అది సెల్లా బాస్మతి అని తేల్చాడు. వడ్లను ఉడకబెట్టి ఎండబెట్టి పట్టించిన ఆ బియ్యం ఎంతసేపు వేడి మీద ఉంచినా మెతుకు విరగదు, ముద్ద కాదు. అందుకే పెద్ద వంటశాలలు దాన్ని ఇష్టపడతాయి. "బియ్యం మంచియే బామ్మర్దీ, గని పులుసు పీల్చుకోదు" అన్నాడు. మిల్లు మనిషి ఇచ్చిన ఆ తీర్పును తర్వాతి రోజులలో ప్రతి పూటా గుర్తు చేసుకోవలసి వచ్చింది.

రాత్రి భోజనం పెద్ద డైనింగ్ హాలులో. ఇందులో రెండు పద్ధతులుంటాయి: మొదటిది, ఒకే వేళకు, ఒకే బల్ల దగ్గర, ఒకే వెయిటరు చేతి మీదుగా ప్రతి రాత్రీ తినడం, రెండవది, వీలైన వేళకు వెళ్ళి ఖాళీ ఉన్నచోట కూర్చోవడం. టికెట్ తీసుకునేటప్పుడే మేము మొదటిదాన్ని ఎంచుకున్నాము, అందులోనూ ఆలస్యపు వరుసను. సాయంత్రం అయిదున్నరకు రాత్రి భోజనం మన కడుపుకు అలవాటు లేని పని. ఒకే వెయిటరు ఉండడంలోని లాభం మొదటి రాత్రి కంటే రెండవ రాత్రి బాగా తెలుస్తుంది. ఎవరికి ఏది పడదో అతనికి మళ్ళీ చెప్పనవసరం లేదు.

మెనూ కార్డు చేతికి ఇచ్చారు. ఎడమ వైపున ఆ రాత్రికి మాత్రమే ఉండే వంటకాలు, కుడి వైపున ప్రతి రాత్రీ దొరికేవి. మొదట తినే చిన్న పదార్థాలు, సూపులు, సలాడ్లు, తర్వాత అసలు వంటకం, చివర తీపి. ప్రతి వరుసలో ఒక శాకాహార వంటకానికి ఆకు గుర్తు, అసలు వంటకాలలో ఒక భారతీయ శాకాహార వంటకం ఉన్నాయి. ఎన్ని తెప్పించుకున్నా ధర లేదు కాబట్టి, ఒక్కొక్కటి చిన్న మోతాదులోనే వస్తుంది కాబట్టి, రెండు సూపులు తెప్పించుకోవడం తప్పు కాదని వెయిటరే చెప్పాడు. అయితే కొన్ని కంపెనీలు ఈ మధ్య మూడవ అసలు వంటకం నుంచి అదనంగా వసూలు చేస్తున్నాయి కాబట్టి, ఎక్కిన ఓడ నియమం ఏమిటో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

అక్క విషయంలో నేను మెనూ కార్డులోని ఆకు గుర్తును నమ్మి ఊరుకోలేదు. పైకి కూరగాయలుగా కనిపించే పదార్థాలలో మాంసం, చేప దాగి ఉండే చోట్లు చాలా ఉన్నాయి. ఫ్రెంచి ఉల్లిగడ్డ సూపును సాధారణంగా గొడ్డుమాంసపు ఎముకల రసంతో చేస్తారు. సీజర్ సలాడ్ మీద పోసే చిక్కని రసంలో ఆంకోవీ అనే చిన్న చేపలుంటాయి. పార్మెజాన్ జున్నును దూడ కడుపు నుంచి తీసిన పదార్థంతో పేరబెడతారు. మూస్, పన్నాకోట లాంటి తీపి పదార్థాలను గట్టిపరిచే జెలటిన్ జంతువుల ఎముకల నుంచీ తోలు నుంచీ వచ్చేదే. మలేసియా, థాయ్ కూరలలోనైతే చాలావాటిలో రొయ్యల ముద్దో, చేప రసమో ఉంటుంది. ఇవన్నీ వెయిటరుతో చెబితే అతను వినయంగా తల ఊపి, హెడ్ వెయిటరును పిలుచుకొచ్చాడు.

హెడ్ వెయిటరు ముంబై వైపు మనిషి. హిందీలో మాట్లాడుతుంటే బావకు ప్రాణం లేచి వచ్చింది. రేపటి రాత్రికి ఏం కావాలో ఈ రాత్రే చెబితే, వంటశాలలో భారతీయ వంటవాళ్ళు విడిగా చేసి పెడతారనీ, ఉల్లి వెల్లుల్లి లేని జైన భోజనం కూడా అట్లాగే చేస్తారనీ, అదనపు డబ్బు ఉండదనీ చెప్పాడు. మెనూ కార్డులో ఈ సంగతి ఎక్కడా లేదు. అడిగినవాళ్ళకు దొరుకుతుంది, అడగనివాళ్ళు చివరి రోజు వరకు అదే పనీర్ తింటారు. అక్క చింతపండు పప్పుచారు అడిగింది. అతను కాస్త ఆలోచించి, సాంబారు పొడి లేకుండా పలుచగా పప్పు చేయించమంటారా అని అడిగి, కాగితం మీద రాసుకున్నాడు.

ఆ రాత్రి నా పళ్ళెంలోకి వచ్చిన చేపముక్క పొడిబారి ఉన్నది, బావ తెప్పించుకున్న మేక కాలి మాంసం మాత్రం ఎముక నుంచి జారిపోయేంత మెత్తగా ఉన్నది. కారణం ఆలోచిస్తే దొరికింది. చేపకు నిప్పు మీద నిమిషాలే కావాలి, ఆ నిమిషాలు దాటితే చెడిపోతుంది. కొన్ని వందల పళ్ళేలు ఒకే అరగంటలో బయటికి పోవలసిన చోట ప్రతి ముక్కకూ ఆ నిమిషం దొరకదు. కాలి మాంసం గంటల తరబడి సన్నని సెగన ఉడికేది, ఇంకో అరగంట ఆగినా దానికి నష్టం లేదు. మా హాస్టల్‌లోనూ పప్పుచారు ఎప్పుడూ బాగుండేది, పూరీలు ఎప్పుడూ బాగుండేవి కావు. ఆ రాత్రి నుంచి నేను మెనూ కార్డును రుచిని బట్టి చదవడం మాని, ఏది ఆగగలదు, ఏది ఆగలేదు అన్న లెక్కతో చదివాను.

రెండవ రోజు: మలక్కా జలసంధి, పెనాంగ్

పొద్దున బఫేలో ఇడ్లీ, సాంబారు, ఉప్మా, పూరీ, వడ ఉన్నాయి. ఇడ్లీ నిజంగా బాగుంది. ఓడ వంటశాలలో ఆవిరికి కొదువ లేదు, ఇడ్లీకి కావలసింది ఆవిరే. పూరీలు చప్పగా కూలిపోయి, వేడి దీపాల కింద పడుకుని ఉన్నాయి. దోసెలు మాత్రం ఒక వంటవాడు ఒక్కొక్కటే పెనం మీద వేసి ఇస్తున్నాడు; దాని ముందు వరుస పొడుగ్గా ఉన్నా, నిలబడినందుకు ఫలితం ఉన్నది.

పుల్కాలు ఎందుకు లేవని నా భార్య అడిగింది. ఓడ వంటశాలలో గ్యాసు మంట ఉండదు, అన్నీ కరెంటు పొయ్యిలూ ఆవిరి గిన్నెలే. సముద్రం మధ్యలో అగ్నిప్రమాదం కంటే పెద్ద ఆపద లేదు కాబట్టి మంటకు చోటు లేదు, మంట లేకపోతే నిప్పు మీద పొంగించే పుల్కా లేదు, నేరుగా సెగ తగిలే జొన్నరొట్టె అసలే లేదు. నాన్ ఎందుకు తోలులాగా ఉన్నదో కూడా ఇక్కడే తెలిసిపోతుంది.

బావ తాగేనీళ్ళ గురించి అడిగి రమ్మన్నాడు. నల్లగొండవాళ్ళం ఎక్కడికి పోయినా మొదట నీళ్ళ సంగతి అడుగుతాము. భూగర్భజలంలోని ఫ్లోరైడ్ మా జిల్లాలో ఎన్ని ఊళ్ళ వెన్నెముకలను వంచిందో, దాన్ని పటికతో, సున్నంతో తీసే పద్ధతికి మా ఊరి పేరే పెట్టారనీ తెలిసినవాళ్ళకు ఇది వింతగా తోచదు. ఓడలో సముద్రపు నీటిని ఆవిరి చేసి గానీ, అధిక పీడనంతో సన్నని పొరల గుండా పంపి గానీ ఉప్పు తీసేసి, కొంత ఖనిజాలు కలిపి, క్లోరిన్ వేసి ఇస్తారు. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగవచ్చు. సీసా నీళ్ళు కొంటే డబ్బులు వేరు. కాఠిన్యం లేని ఆ నీళ్ళలో కందిపప్పు ఎంత బాగా ఉడికిందో మాకు రాత్రికి తెలిసింది.

మధ్యాహ్నం తర్వాత ఓడ పెనాంగ్ చేరింది. స్వెట్టెన్‌హామ్ పియర్ అనే రేవు నుంచి జార్జ్‌టౌన్ పాత పట్టణానికి నడిచి పోవచ్చు. 2008లో మలక్కాతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన పట్టణమిది. లిటిల్ ఇండియా వీధిలో అరిటాకు భోజనం దొరికింది. అక్క ఆకు ముందు కూర్చుని రసం రెండుసార్లు పోయించుకున్నది. మేము ముగ్గురం నాసి కందర్ తిన్నాము. ఒకప్పుడు తమిళ ముస్లిం వ్యాపారులు కావడి భుజాన వేసుకుని రేవు కూలీలకు అమ్మిన అన్నం ఇది. కోడి, చేప, బెండకాయ, ఏది తీసుకున్నా, చివరికి నాలుగైదు కూరల పులుసులు ఒకదాని మీద ఒకటి పోసి ఇస్తారు. ఆ అన్నం పులుసును పీల్చుకుంటుంది. బావ ముఖం చూస్తే ఇంకేమీ చెప్పనవసరం లేకపోయింది. ఓడలో తిండి ఉచితమే కదా, రేవులో ఎందుకు ఖర్చు పెట్టాలన్నవాళ్ళు మా విమానంలోనే కొందరు వచ్చారు. పెనాంగ్ లాంటి ఊళ్ళో ఆ లెక్క తప్పు.

రాత్రి ఓడ ఎక్కి డైనింగ్ హాలుకు వెళితే సగం బల్లలు ఖాళీగా ఉన్నాయి, చాలామంది ఊళ్ళోనే తినేసి వచ్చినట్టున్నారు. నేను పరీక్ష కోసమే మళ్ళీ చేప తెప్పించాను. నిన్న పొడిబారిన అదే తరహా చేప ఈ రాత్రి పొరలు పొరలుగా విడిపోతూ రసంతో వచ్చింది. రేవులో ఆగిన రోజు రాత్రి డైనింగ్ హాలులో తినడమే మంచిదని అప్పుడే నిశ్చయించుకున్నాను. అక్కకు వచ్చిన పప్పు గిన్నెలో చింతపండు లేదు, నిమ్మకాయ పిండారు. అయినా పోపులో ఎండుమిరపకాయ, వెల్లుల్లి, కరివేపాకు ఉన్నాయి. తెల్లన్నం మాత్రం థాయ్ జాస్మిన్ బియ్యం. అందులో అమైలోజ్ అనే పిండిపదార్థం తక్కువ కాబట్టి మెతుకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. "కొత్తబియ్యం అన్నం లెక్క ఉన్నది" అన్నది అక్క. పప్పుతో కలిపితే బాగానే ఉన్నదని బావ మొదటిసారి ఒప్పుకున్నాడు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరి, 2015లో రాజేంద్రనగర్ నుంచి వచ్చిన తెలంగాణ సోన ఈ ఓడ ఎక్కితే ఎంత బాగుండునో అంటూ, అతను పక్క బల్ల దగ్గరున్న ఒక మలయ్ కుటుంబానికి హిందీలో వివరించబోయాడు. వాళ్ళు మర్యాదగా విన్నారు.

మూడవ రోజు: ఫుకెట్

ఓడ ఒడ్డుకు దూరంగా లంగరు వేసింది. చిన్న పడవల్లో పటాంగ్ తీరానికి చేర్చారు. ఎండ ఎక్కువ, కొబ్బరిబోండాలు తీయన, మామిడిపండుతో తినే జిగట అన్నం అక్కకు కూడా నచ్చింది. పండ్లు గానీ వండిన తిండి గానీ తిరిగి ఓడలోకి తేనివ్వరు కాబట్టి, తినవలసింది తీరంలోనే తిని వచ్చాము.

మధ్యాహ్నం మూడు దాటాక బఫేకు వెళితే అది చివరి గడియ. మూతల కింద గంటల తరబడి ఉన్న నూడుల్స్, అడుగుకు చేరిన కూర, అంచులు ఎండిన జున్ను ముక్కలు మిగిలి ఉన్నాయి. వేడి పదార్థాన్ని 57 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా, చల్లనిదాన్ని 5 డిగ్రీలకు మించకుండా ఉంచితే అది చెడిపోదు; రుచి నిలబడుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. బఫేలో తినదలిస్తే తలుపులు తెరిచిన మొదటి అరగంటలోనే తినాలి.

రాత్రి మెనూ థాయ్ వంటకాలది. నా భార్య తెప్పించిన ఆకుపచ్చ కూర కారంగా, కొబ్బరిపాల చిక్కదనంతో చాలా బాగుంది. ఆ కూర చేప రసం లేకుండా చేయడం కుదరదని వెయిటరు నిజం చెప్పినందుకు అతని మీద గౌరవం కలిగింది. అక్కకు వంకాయ కూర, రెండు గిన్నెల పెరుగు తెచ్చిపెట్టాడు. పెరుగు మెనూలో ఉండదు. పొద్దున బఫేలో పెట్టే తియ్యదనం లేని యోగర్ట్‌నే రాత్రికి కూడా ఇవ్వమని అడగాలి.

నాలుగవ రోజు: సముద్రం మీద

ఈ రోజు ఎక్కడా రేవు లేదు. ఓడలోని జనమంతా ఓడలోనే ఉండే రోజు కాబట్టి వంటశాలకు అసలు పరీక్ష ఇదే. పొద్దున బఫేకు పోకుండా డైనింగ్ హాలులో కూర్చున్నాము. అక్కడ పొద్దుటి పూట కూడా కార్డు ఇచ్చి అడిగి తెస్తారని చాలామందికి తెలియనట్టున్నది. ఆమ్లెట్ వేడిగా, పొగలతో వచ్చింది. ఆలస్యం కొంత ఉన్నది గానీ, సముద్రం మీద తొందరేముంది?

పది గంటలకు వంటశాల చూపించారు. నేను ఈ ప్రయాణంలో ఎదురుచూసిన గడియ ఇదే. హాలు పక్కనే ఉన్న తలుపులోకి పోతే స్టీలు గోడలు, స్టీలు బల్లలు, తడి లేని నేల. వెయిటర్లు లోపలికి వచ్చే దారి ఒకటి, బయటికి పోయే దారి మరొకటి. ఎదురుబొదురు నడక లేదు. మాంసం కోసే గది, చేప గది, కూరగాయల గది, రొట్టెల గది, తీపి పదార్థాల గది విడివిడిగా ఉన్నాయి. కోసే చెక్కలకు రంగులు: మాంసానికి ఒకటి, కూరగాయలకు ఒకటి. రొట్టెల గదిలో రాత్రింబవళ్ళు పని సాగుతుంది. వండినదాన్ని వెంటనే చల్లబరచే పెద్ద అలమారాలు చూశాను. పొద్దున చేసిన కూరను అందులో చల్లార్చి, సాయంత్రం వడ్డించే ముందు మళ్ళీ వేడిచేస్తారు. వేడి, చలి లెక్కలు గంట గంటకు రాసిన కాగితాలు గోడకు వేలాడుతున్నాయి. అమెరికా రేవులకు పోయే ఓడలనైతే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 1970ల నుంచి చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తుంది, నూటికి 86 రాకపోతే తప్పినట్టే. మేమున్న ఓడ ఆ దారిలోనిది కాదు, అయినా పని పద్ధతి అదేనని చూపించిన వంటవాడు చెప్పాడు.

వడ్డించే బల్ల పైన ఆ రాత్రి వంటకాల ఫోటోలు వరుసగా అంటించి ఉన్నాయి. సాయంత్రం ప్రతి వంటకం ఒక్కొక్క పళ్ళెం నమూనాగా పేర్చి పెడతారనీ, చేసేవాళ్ళందరూ దాన్ని చూసే పేర్చాలనీ చెప్పాడు. ఏ వంటకం ఎన్ని పళ్ళేలు పోతుందో గత ప్రయాణాల లెక్కలను బట్టి, ఎక్కినవాళ్ళు ఏ దేశాలవాళ్ళో చూసి అంచనా వేస్తారట. నేను హాస్టల్‌లో ఇండెంట్, అంటే కావలసిన సరుకుల జాబితా, రాసిన పద్ధతి ఇదే. పండుగ ముందు రోజు పిల్లలు ఇళ్ళకు పోతారని బియ్యం తగ్గించి రాసేవాణ్ణి. తేడా ఏమిటంటే నాకు సరుకు తక్కువ పడితే పక్క ఊరి దుకాణం ఉండేది. ఇక్కడ సింగపూర్‌లో ఒక్క రోజులో ఎక్కించిన సరుకే నాలుగు రాత్రులకూ సరిపోవాలి. చేపలు చాలావరకు గడ్డకట్టించినవే. ఆకుకూరలు ముందు రోజుల్లో, క్యాబేజీ, క్యారట్, గుమ్మడి తర్వాతి రోజుల్లో మెనూలోకి రావడానికి కారణం కూడా ఇదే. 2015 జనవరిలో మా హాస్టళ్ళకు సన్నబియ్యం వచ్చినప్పుడు పళ్ళేలలో మిగిలే అన్నం ఎంత తగ్గిందో నేను కళ్ళారా చూశాను కాబట్టి, మిగిలినదాన్ని ఏం చేస్తారని అడిగాను.

అతను పళ్ళేలు కడిగే గదికి తీసుకుపోయాడు. పళ్ళేలలో మిగిలిన తిండి ఒక కాలువలో పడి నలిగిపోతున్నది. ఓడల వల్ల సముద్రం పాడవకుండా చేసుకున్న అంతర్జాతీయ మార్పోల్ ఒప్పందంలోని అయిదవ అనుబంధం ప్రకారం 25 మిల్లీమీటర్లకంటే చిన్నగా నలిగిన తిండిని తీరానికి 3 నాటికల్ మైళ్ళు దాటాక, నలగనిదాన్ని 12 మైళ్ళు దాటాక మాత్రమే సముద్రంలో వదలాలి. ప్లాస్టిక్‌ను ఎక్కడా వదలకూడదు. బఫే నుంచి వచ్చిన పళ్ళేలు, డైనింగ్ హాలు నుంచి వచ్చిన పళ్ళేలు పక్కపక్కనే ఉన్నాయి. బఫే పళ్ళేలలో తాకని కేకు ముక్కలు, సగం తిన్న మాంసం, రెండు చెంచాల కోసం తోడుకున్న గిన్నెడు అన్నం. చూసి నాకు కోపం వచ్చింది. రాత్రి రెండు అసలు వంటకాలు తెప్పించుకునే బావ కూడా అక్కడ మౌనంగా నిలబడ్డాడు.

మధ్యాహ్నం బావ పట్టుబట్టడంతో డబ్బు కట్టి తినే ప్రత్యేక హోటలుకు పోయాము. ఓడలో ఇట్లాంటివి రెండు మూడు ఉంటాయి: మాంసం కాల్చి పెట్టేది, ఇటలీ వంటలది, జపాన్ వంటలది. తలకు ఇంత అని వసూలు చేస్తారు, మధ్యాహ్నం ధర రాత్రికంటే తక్కువ. బావ పొట్టేలు పక్కటెముకలు తెప్పించాడు. అడిగినంతే కాలి, లోపల రసంతో వచ్చాయి. మాంసం కొంత మేలైనదే కావచ్చు గానీ, అసలు తేడా అది ఆ ఒక్క పళ్ళెం కోసమే నిప్పు మీద పడడమే. అక్కకు మాత్రం పెట్టిన డబ్బుకు తగ్గది ఏదీ దొరకలేదు. కాల్చిన పుట్టగొడుగులు, ఆలుగడ్డ, సలాడ్. శాకాహారులు ఈ హోటళ్ళకు డబ్బు కట్టడం దండగ. ఇంటిల్లిపాదీ పోకుండా, తినేవాళ్ళు మాత్రమే పోతే సరిపోతుంది.

రాత్రి అలంకరణ భోజనం. అందరూ మంచి బట్టలు కట్టుకుని రావాలని ముందే చెప్పారు. అక్క పోచంపల్లి పట్టుచీర కట్టుకుంటే పక్క బల్లల వాళ్ళు లేచి వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఈ రాత్రి మెనూలో పెద్ద రొయ్యలాంటి లాబ్‌స్టర్ ఉంటుందని పెనాంగ్ నుంచే చర్చ జరుగుతున్నది. వచ్చిన తోక ముక్క వెన్న, వెల్లుల్లితో మెరుస్తున్నది గానీ కొరికితే రబ్బరు. అదే రాత్రి హాలులో దాదాపు అందరూ దాన్నే తెప్పించినప్పుడు, నిమిషాల మీద చెడిపోయే పదార్థం అంతకంటే బాగా ఎట్లా వస్తుంది? నేను మెనూలో అడుగున ఉన్న బాతు కాలు తెప్పించాను. కొవ్వులో సన్నని సెగన గంటలపాటు ఉడికించి, చివరికి చర్మం కరకరలాడేట్టు కాల్చినది; ఈ ప్రయాణం మొత్తంలో నేను తిన్న వంటకాలలో అదే మేలైనది. నా భార్య తన లాబ్‌స్టర్‌ను నా పళ్ళెంలోకి నెట్టి బాతు ముక్క తీసుకున్నది.

చివర దీపాలు తగ్గించి, వెయిటర్లు తువ్వాళ్ళు ఊపుతూ, బేక్డ్ అలాస్కా పట్టుకుని హాలంతా తిరిగారు. ఐస్‌క్రీమును కేకులో చుట్టి, గిలకొట్టిన గుడ్డు తెల్లసొన పూసి పైపైన కాల్చిన తీపి అది. అక్కకు హెడ్ వెయిటరు స్వయంగా గులాబ్‌జామూన్ తెచ్చి పెట్టాడు. అడిగితే, వంటశాలలో ఒక బిహారీ వంటవాడు తమ సిబ్బంది కోసం చేసుకున్నవని చెప్పాడు. ఆరు నుంచి తొమ్మిది నెలల ఒప్పందం మీద ఇల్లు వదిలి పనిచేసేవాళ్ళు వాళ్ళు. సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం రోజుకు కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలంటుంది. మిగిలిన వేళల్లో చాలాభాగం వాళ్ళు మన పళ్ళేల చుట్టూనే తిరుగుతుంటారు.

అయిదవ రోజు: సింగపూర్‌లో దిగడం

తెల్లవారకముందే ఓడ రేవుకు చేరింది. లెక్క కాగితం ఫోనులోకి వచ్చింది: తలకు రోజుకు ఇంత అని సిబ్బందికి చేర్చే టిప్పు, ప్రత్యేక హోటలు బిల్లు, బావ తాగిన కూల్‌డ్రింకులు. టీ, కాఫీ, నీళ్ళు, బఫేలో పెట్టే నిమ్మరసం ఉచితం. డబ్బాల్లోని కూల్‌డ్రింకులకు మాత్రం ప్రతిదానికీ లెక్క ఉంటుంది. బావ ఆ అంకెను రెండుసార్లు చదివి, ఇంటికి పోయేదాకా మజ్జిగే తాగుతానన్నాడు.

దిగే ముందు అభిప్రాయం రాయమని ఫారం ఇచ్చారు. వంటశాల శుభ్రత, అడిగిన భోజనం ఇచ్చిన తీరు చాలా బాగున్నాయని రాశాను. అడిగితే విడిగా వండిపెడతామన్న మాటను మెనూ కార్డులోనే అచ్చు వేయాలనీ, మధ్యాహ్నం రెండు తర్వాత బఫే గిన్నెల పరిమాణం తగ్గించి మళ్ళీ మళ్ళీ నింపితే రుచీ ఉంటుంది, వృథా తగ్గుతుందనీ రాశాను. బావ ఫారం లాక్కుని, కింద ఖాళీ ఉన్నచోట బియ్యం రకాల పేర్లు, మిల్లు చిరునామా రాశాడు. అక్క తన వంతుగా చింతపండు అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా రాయించి, హెడ్ వెయిటరు చేతికే ఇచ్చింది.